వంటయు, వండు విధమును



గడచిన నెల ఈ శీర్షికయందు మిక్సీ మోటారులోని కార్బను బ్రష్షులు అరిగిపోయినంతమాత్రమున యంత్రమునే పాఱవేయ నక్కఱలేదని వ్రాసితిని. అది చదివి మైలవరమునుండి సోదరి యొకరు జాబు వ్రాసిరి. "మా అబ్బాయి ఇంటి కంప్యూటరులో కొనుక్కొన్న సాఫ్ట్‌వేరును తీసివైచి, ఊరక దొరకినదేదో పెట్టినాడు. ఊరక వచ్చిన వస్తువునకు విలువ యెక్కడిది? అది నమ్మదగినదేనా?" అని వారి ప్రశ్న. దీనికి రెండు పంక్తులలో బదులు చెప్పవచ్చును. కాని యీ వేసవిలో మా యింట జరిగిన సంగతి యొకటి ఆ ప్రశ్నకు మిక్కిలి సమీపమున నున్నది. దానిని విడిచి బదులు చెప్పుటకు నాకు మనసొప్పకున్నది.

ముందుగా మాటల యర్థము తేల్చుకొందము. ఒక వీధిలో గోంగూర పచ్చడి చక్కగా నూఱు ఇల్లాండ్రు ఇద్దఱున్నారనుకొనుడు. మొదటి యామె వెల పుచ్చుకొని గిన్నెడు పచ్చడి యిచ్చును. ఎట్లు చేసితిరని యడిగినచో నవ్వి మాట మార్చును. రెండవ యామె పచ్చడియు నిచ్చును. ఆకు ఎంత, ఎండుమిరపకాయలెన్ని, మెంతులు ఎంతవఱకు వేపవలెను, అదియు చెప్పును. "మీ మామగారికి రక్తపుపోటు గదా, ఉప్పు తగ్గించుకొనుడు. కుదిరినచో మీ చెల్లెలికి నేర్పుడు" అనును. సాఫ్ట్‌వేరనునది యంత్రమునకు మనుష్యులు వ్రాసి యిచ్చు వంటవిధము. దానిని మొదట మనుష్యులు చదివి తెలిసికొనదగిన భాషలో వ్రాయుదురు. అది మూలము, సోర్సు కోడని వ్యవహారము. పిదప దానిని యంత్రమునకు మాత్రమే యర్థమగు అంకెల రాశిగా మార్చుదురు. సామాన్యముగా మనకు అమ్మునది ఈ రాశినే. మూలము సంస్థవారి బీరువాలోనే యుండును. ఓపెన్ సోర్సు వారు, లేక స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు వారు, మూలమునుగూడ మన చేతిలో పెట్టుదురు. వాడుకొనుడు, చదువుడు, మార్చుకొనుడు, పంచుడు అని అనుమతించెదరు. అందులో కొందఱు ఒక్క నియమము విధింతురు: మార్చి యితరులకిచ్చువారు, అమ్ముకొన్నను సరియే, తమ మార్పును దాచరాదు.

ఇది యింతవఱకు పచ్చడి మాట. ఇక మా యింటి మాట.

మా పుట్టినిల్లు జగ్గయ్యపేట చెంత నొక పల్లె. నా చదువు చాలవఱకు ఇంటిలోనే సాగినది. మా నాన్నగారు ఉదయము భాగవతమును, సాయంకాలము మనుచరిత్రమును చెప్పెడివారు. మా నాయనమ్మకు అక్షరము రాదు గాని, పాటలు నోటనుండెడివి. మేలుకొలుపులు, లాలిపాటలు, తలుపుదగ్గఱ పాటలు, అప్పగింతలు, మంగళహారతులు. పెండ్లియనగా చుట్టుప్రక్కల నాలుగూళ్ళవారు ఆమెకొఱకు బండి పంపెడివారట. మూడు శీతకాలములు మా నాన్నగారు ఆమె మంచముప్రక్క కూర్చుండి 112 పాటలు వ్రాసికొనిరి. 2004లో నందిగామలో నొక డి.టి.పి. కేంద్రమున టైపు చేయించిరి. అచ్చొత్తించుటకు చేతిలో సొమ్ము చాలలేదు. మఱుసటి యేడు నాయనమ్మ పోయినది. 2016లో నాన్నగారును పోయిరి. అటకమీది వ్రాతపుస్తకమును చెదలు తినివైచినవి. మిగిలినవి యొక సి.డి., నాలుగు ప్రూఫు కాగితములు.

మా అమ్మాయి ఈ యేడు తొమ్మిదవ తరగతి. బడిలో జానపదగేయములను సేకరింపుమనగా నా కా సి.డి. జ్ఞప్తికి వచ్చెను. తెఱచి చూచితిమి. ఒక్క తెలుగక్షరము లేదు. ఆంగ్లాక్షరములు, డాలరు గుర్తులు, తలక్రిందుల ప్రశ్నార్థకములు, నడుమనడుమ ఖాళీ గళ్ళు. పుట పుటంతయు నట్లే యుండెను. "అమ్మా, ఇదేనా నాయనమ్మ పాట?" అని పిల్ల యడిగినది. నేనేమి చెప్పుదును?

దీనికి కారణము పోపులపెట్టె. నవ్వకుడు, నిజమే. ఆ కాలపు తెలుగు ఫాంట్లకు లోపల 256 గళ్ళుండెడివి. ఆంగ్లాక్షరము లుండవలసిన గళ్ళలో తెలుగువ్రాత ముక్కలను, అనగా తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తులను, ఏ సంస్థకు తోచినట్లు ఆ సంస్థ సర్దుకొనెను. ఒకరింటి పోపులపెట్టెలో ఆవాలున్న గిన్నెలో ఇంకొకరింట మెంతులుండును గదా! మన యింటిలో చీకటిలోనైనను చేయి సరిగనే పోవును. ఇతరుల యింటిలో అదే చేయి తప్పు గిన్నెలో పడును. ఫాంటు ఉన్నంతకాలము తెఱమీద తెలుగు కనబడును. ఫాంటు లేకపోయిన క్షణమున అడుగున నున్న ఆంగ్లపు గుర్తులు పైకి తేలును. ఇప్పుడు యూనికోడను ఏర్పాటున్నది. ప్రపంచమందలి పెక్కు లిపులకు స్థిరమైన సంఖ్య లిచ్చినారు. 1991లో వెలువడిన మొదటి కూర్పులోనే తెలుగునకు 128 స్థానములు కేటాయించిరి. క యన్నచో మీ సెల్‌ఫోనులోను, విజయవాడలోను, అమెరికాలోను ఒకే సంఖ్య. మా నాన్నగారు టైపు చేయించిననాటికి ఆ యేర్పాటు పుట్టి పదమూడేండ్లయినది గాని, నందిగామ డి.టి.పి. కేంద్రమునకు రాలేదు.

నందిగామ కేంద్రము మూతబడి చాల యేండ్లయినది. అందు వాడిన ఫాంటు, కంప్యూటరు వెనుక తాళపుచెవివంటి బిళ్ళ యొకటి గ్రుచ్చిననేగాని పని చేయదట. ఆ బిళ్ళ యెవరియొద్ద నున్నదో తెలియదు. అమ్మిన సంస్థ ఆ సరకు మానివేసినది. వేఱొక అంగడిలో చూపగా నతడు రెండు నిమిషములు చూచి, "ఇది చెత్తండీ, చెరిపివేయుడు" అనెను. నాయనమ్మ నోటిపాట, నాన్నగారి చేతివ్రాత, సొమ్ము పెట్టి చేయించిన టైపు, అన్నియు మావే. అయినను మా యింటిలోనే యుండి మాకు దక్కకపోయినవి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా పరిటాలకు ఇటువంటి సంగతి క్రొత్త గాదు. ఇచటి నేలలో వజ్రము లుండుటచేత, ఉత్తరసర్కారులు ఇంగ్లీషువారి పాలైనప్పుడు గనులున్న యూళ్ళను నైజాము ప్రభువు తనయొద్దనే యుంచుకొనెను. చుట్టును ఇంగ్లీషు సీమ, నడుమ నైజాము ద్వీపము. త్రవ్వినది మా వారి చేతులు, తాళము వేఱొకచోట. 1947లో ఊరివారు తమంత తాము స్వతంత్రులమని చాటుకొనిరి. ఆ కథ ఇంకొకప్పుడు.

మా వారి పూర్వశిష్యుడొకడు హైదరాబాదులో ఉద్యోగము చేయుచు వేసవిలో ఇంటికి వచ్చెను. మాస్టారిని చూడవచ్చినవాడు ఆ దస్త్రమును చూచి, "అమ్మగారూ, ఇది చెడిపోలేదు. చదువువారు లేక పడియున్నది" అనెను. అతడు చూపిన మార్గము పద్మ యను పనిముట్టునకు సంబంధించినది. దినపత్రికలు తమ తమ సొంత ఫాంట్లలో వెలువడుచున్న కాలమున ఆ వ్రాతను యూనికోడునకు మార్చుటకై వెన్న నాగార్జునగారు దానిని నిర్మించి, మూలముతో సహా ఎల్లర కొసగిరి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను ప్రారంభించినవారును వీరే. ఆంగ్లపు మీటలతో తెలుగు వ్రాయుటకు మనలో చాలమంది యెఱిగిన లేఖిని, వీవెన్‌గారు చేసినది, ఈ పద్మనే ఆధారము చేసికొన్నది. పద్మ ఫైర్‌ఫాక్సు బ్రౌజరునకు అనుబంధముగా నుండెడిది. 2017 చివర ఆ బ్రౌజరు లోపలి నిర్మాణమును మార్చుకొనగా పాత అనుబంధములు పని చేయుట మానెను. మూలము మూసియున్న వస్తువైనచో కథ అంతటితో ముగిసెడిది. తెఱచియున్నది గనుక, అందలి పట్టికలను, అనగా ఏ గడిలో ఏ ముక్క యున్నదను జాబితాలను, తీసికొని వేఱొకచోట వాడుకొనవచ్చును.

కాని మా ఫాంటునకు అందు సరిపడు పట్టిక కానరాలేదు. దగ్గఱి పోలికగల పట్టికను తీసికొని దానిని సవరింపవలసి వచ్చెను. ఎట్లు? ఆ నాలుగు ప్రూఫు కాగితములే దిక్కు. ఎడమప్రక్క కాగితము, కుడిప్రక్క తెఱ. ఈ గుర్తున్నచోట కాగితముమీద తలకట్టు, ఆ గుర్తున్నచోట వావత్తు, అని నేను చెప్పుచుండగా అతడు పట్టికలో నెక్కించుచుండెను. ఐదు సాయంకాలములు పట్టినది. ఆఱవ సాయంకాలము మీట నొక్కగా తెఱమీద మా నాయనమ్మ మేలుకొలుపు తెలుగులో నిలిచెను. అందులో తప్పులు, కొన్ని యొత్తులు దూరదూరముగా. అయినను నేను పైకి చదువలేకపోతిని. అమ్మాయియే చదివినది.

ఇక మిగిలినవి ఆ నాలుగు కాగితములలో లేని గుర్తులు. ఒక గుర్తు రెండువందలకు పైగా చోట్ల నుండెను. అక్షరమునకు అక్షరమునకు నడుమ, అర్థము లేనట్లు. "ఇది యేదో మలినమండీ, సి.డి. పాతబడినది గదా. అన్నియు నొకేసారి తుడిచివేసెదను" అని యతడు మీటపై వ్రేలుంచెను. ఆగుమంటిని. ఆ గుర్తు వచ్చిన మాటలను వరుసగా వ్రాయించి చూచితిని. వాడు, వీడు, చేత బట్టి, తోడ గూడి. అది అరసున్న! మా నాన్నగారు అరసున్న లేక మాట వ్రాయువారు గారు. (పత్రికవారి సౌకర్యముకొఱకు ఈ శీర్షికలో నేను అరసున్నలు విడిచితిని, నాన్నగారుండిన ఊరకుండెడివారు గారు.) ఆ శిష్యుడు ఇరువదియాఱేండ్లవాడు; బడిలో అతనికి అరసున్న చెప్పినవారు లేరు. యూనికోడులో దానికి ప్రత్యేకస్థానమే యున్నది. ఇంకొక గుర్తు ముప్పదియేడు చోట్ల కనబడెను. ఎ తరువాత, మ తరువాత, తె తరువాత. ఎఱ్ఱన, మఱి, తెఱవ. బండి ఱ. ఇవి రెండును పట్టికలో లేనివి, మేము చేర్చితిమి.

సోదరీమణులారా, నాకు కంప్యూటరు భాష లేదు. ఒక్క పంక్తి వ్రాయజాలను. మా నాన్నగారు ర, ఱ లకు భేదము చెప్పునపుడు, దీనివలన నేమి ప్రయోజనమని నేను విసుగుకొన్న దినములు కలవు. ఆ పట్టికను ఆ శిష్యుడు సవరణలతో సహా అందఱకు తెఱచి యుంచెను. నెలన్నర తిరుగకముందే ఖమ్మము ప్రాంతమునుండి ఒకరు, తమ యూరి స్థలపురాణము అదే ఫాంటులో చిక్కుకొని యుండగా దీనితో బయటపడెనని వ్రాసిరి. వారెవరో నాకు తెలియదు, నేనెవరో వారికి తెలియదు.

ఇప్పుడు మైలవరపు సోదరి ప్రశ్నకు వచ్చెదను. ఊరక వచ్చుట యనునది ఇందు ముఖ్యము గాదు. ఆంగ్లమున ఫ్రీ యను మాట ఒకటే; దానికి ఉచితమనియు అర్థము, స్వేచ్ఛ యనియు అర్థము. అందుచేత వారికి ఈ విషయమున ఎడతెగని తికమక. మనకు రెండు మాటలున్నవి. 2005లో హైదరాబాదు కేంద్రముగా మొదలైన సంస్థ తన పేరే స్వేచ్ఛ యని పెట్టుకొనెను. కంప్యూటరును తెలుగులోనే నడుపుకొనుటకు వలసిన వ్యవస్థను సిద్ధపఱచుట వారి తొలి పనులలో నొకటి. మన సెల్‌ఫోనులోని యాపులు చాలవఱకు ఉచితములే గాని స్వేచ్ఛ గలవి కావు. తిథి వార నక్షత్రములు చెప్పవలసిన క్యాలెండరు యాపొకటి నా ఫోనులోని చుట్టముల నంబర్లన్నియు చూడ ననుమతి కోరెను. రాహుకాలము చెప్పుటకు మా పిన్నిగారి నంబరు ఎందులకో! తీసివైచితిని.

ఈ యుద్యమము పుట్టుకయు ఒక చిన్న చికాకునుండియే. అమెరికాలో ఎం.ఐ.టి. యను విద్యాసంస్థ పరిశోధనశాలలో 1980 ప్రాంతమున ఒక క్రొత్త ప్రింటరుండెను. కాగితము ఇఱుకుకొని తఱచు ఆగెడిది. రిచర్డు స్టాల్‌మన్ అను నాయన పాత యంత్రము విషయమున మూలమును సవరించి, ఆగినప్పుడెల్ల వేచియున్నవారికి వార్త పోవునట్లు చేసి యుండెను. క్రొత్తదానికి మూలమియ్యలేదు, ఉన్న పండితుడొకనిని అడుగగా, ఎవరికిని ఈయనని సంతకము చేసితిననెను. అది మనసున నాటుకొని, 1983లో స్టాల్‌మన్ గ్ను అను పేర, అందఱికిని చెందు వ్యవస్థను కట్టబూనెను. 1991లో ఫిన్‌లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్సు లైనక్సు అను కీలకభాగమును వ్రాసి వెలువరించెను. మీ చేతిలోని ఆండ్రాయిడు ఫోను అడుగున నున్నది ఆ లైనక్సే. దానిపై కట్టిన మేడలో చాల గదులకు తాళములున్నవనుట వేఱు సంగతి.

ఫాంట్లమాట వచ్చినది గనుక ఒక ముచ్చట. కెనడాలోని విన్నిపెగ్ నగరమునుండి తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు పోతన, వేమన అను రెండు యూనికోడు ఫాంట్లను చేసి స్వేచ్ఛానుమతితో నొసగిరి. పిమ్మట సిలికానాంధ్రవారు పెక్కింటిని వెలువరించిరి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, సూరన్న, శ్రీకృష్ణదేవరాయ. ఆ జాబితా చూచినప్పుడు భువనవిజయము ద్వారము తెఱచినట్లు తోచెను. గురజాడ, గిడుగు, సురవరము వారును గలరు. వీని ననుమతించు పత్రము మంచి పత్రము: ఎవరైనను వాడుకొనవచ్చును, పుస్తకమున అచ్చొత్తవచ్చును, అక్షరపు వంపు నచ్చకున్న మార్చుకొనవచ్చును, ఫాంటు నొక్కదానినే మూటగట్టి అమ్మరాదు, మార్చినదానినిగూడ అదే యనుమతితో నియ్యవలెను. వేఱొకరు చేసినది తమ్ముడు అను పేరుగల తెలుగు ఫాంటు కూడ నున్నది. నేను చూచిన పట్టికలో మొల్ల కానరాలేదు, అక్కయు కానరాలేదు. మన పాఠకురాండ్రలో చిత్రలేఖనము తెలిసిన చిన్నది యెవరైన ఈ లోటు తీర్చినచో నా పాటల పుస్తకమును ఆ ఫాంటులోనే అచ్చొత్తించెదను.

మా వారికి ఈ విషయమున కొంత సందేహము కలదు. "యజమాని లేని యింటికి దీపమెవరు పెట్టుదురు? చెడినప్పుడు ఎవరిని పిలుతువు?" అని వారనుదురు. తీసివేయదగిన మాట గాదు. 2024 మార్చిలో జరిగినది వినుడు. ఎక్స్‌జెడ్ అని యొక చిన్న పనిముట్టు. దస్త్రములను మడతపెట్టి చిన్నవిగా చేయునది. ప్రపంచమున లెక్కలేనన్ని యంత్రములు దానిపై నాధారపడియున్నవి. దానిని ఏండ్ల తరబడి చూచుకొనుచుండినది ముఖ్యముగా నొక్క మనిషి, జీతము లేక, తీరికవేళలలో. పని త్వరగా కాలేదని తొందరపెట్టువారే గాని చేయూతనిచ్చువారు లేరు. ఆయన యలసియుండగా జియా టాన్ అను పేరుతో నొకరు సహాయముచేయ వచ్చి, రెండేండ్లకు పైగా మంచిపని చేసి, నమ్మకము గడించి, తుదకు లోపల దొంగతలుపొకటి అమర్చిరి. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు తన యంత్రములో ప్రవేశమునకు అర సెకను ఆలస్యమగుచున్నదేమని అనుమానించి, తీగలాగి, మార్చి 29వ తేదీన లోకమునకు వెల్లడించెను. అర సెకను! పాలు పొంగుటకు ముందు గిన్నె చేయు చప్పుడును పట్టుకొను ఇల్లాలికి ఆయన మనసు తెలియును. మూలము తెఱచియుండుటచేత ఆయన వెదకి పట్టుకొనగలిగెను, అది నిజమే. మూలము తెఱచియున్నను అంతవఱకు ఎవరును కనిపెట్టకుండిరి, అదియు నిజమే.

నన్ను కలచినది దొంగతనము గాదు, ఆ మొదటి మనిషి. ఇంటిల్లిపాది తిను వంట ఒక్కతె చేయుచు, ఆమె జ్వరముతో పడుకొన్ననాడు గాని ఎవరికిని పొయ్యి జ్ఞప్తికి రాని యిండ్లు మనము చూడలేదా? స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులో పెద్ద పనులకు సంస్థలు జీతములిచ్చి మనుష్యులను పెట్టుచున్నవి. చిన్నచిన్న పనిముట్లు పెక్కు ఇట్టివారి భుజములమీదనే నడచుచున్నవి. వాడుకొనుటకు వెల లేదని, చేసినవాని శ్రమకు వెల లేదనుకొందుమా? నేను వాడు రెండు మూడింటికి ఉగాదికి కొంత సొమ్ము పంపుచున్నాను. అది పెద్ద మొత్తము గాదు.

యజమాని యున్న యింటికి మాత్రము దీపము భద్రమా యని నేను మా వారిని తిరిగి యడిగితిని. ఉత్తరములు, లెక్కలు వ్రాసికొనుటకు ఓపెన్ ఆఫీసు అను స్వేచ్ఛాపరికరముండెడిది. 2010లో దానిని చూచుచున్న సంస్థ వేఱొక సంస్థ చేతిలోనికి పోగా, పని చేయుచున్నవారికి నమ్మకము తగ్గెను. వారు మూలము ప్రతిని తీసికొని బయటికి వచ్చి లిబ్రె ఆఫీసు అను పేర కొనసాగించిరి. నేడు నేనీ వ్యాసము టైపు చేయుచున్నది అందులోనే. నందిగామ ఫాంటునకు ఆ దారి లేకపోయెను.

మా యింటి లాప్‌టాపు 2013 నాటిది. దానికి ఇక సవరణలు రావని, క్రొత్తది కొనుడని తెఱమీద ప్రకటన వచ్చుచుండెను. యంత్రము బాగుగనే యున్నది. రెండువేల రూపాయలలోపున లోపలి డిస్కు మార్పించి, లైనక్సు మింటు పెట్టించితిమి. మింటనగా పుదీనాయే. మొదటి నాలుగు దినములు వైఫై రాలేదు. ఫోనును తీగతో తగిలించి వలసినది తెప్పించుకొనవలసి వచ్చెను. పాత ప్రింటరు నేటికిని మొండికేయుచున్నది. తక్కినవన్నియు సాఫీగా నడచుచున్నవి. తెలుగు మీటల అమరికయు అందే యున్నది. చేయదలచినవారు ముందు పెన్‌డ్రైవునుండియే నడిపి చూచుకొనవచ్చును, లోపలి వస్తువులేమియు చెరుగవు. రుచి చూచి గదా వడ్డించుకొందుము! స్థిరముగా నెక్కించుటకు ముందు మాత్రము ఛాయాచిత్రములు, పత్రములు వేఱొకచోట భద్రపఱచుకొనుడు. ఫోనులోనికి స్వేచ్ఛాయాపులు కావలెనన్న ఎఫ్-డ్రాయిడ్ అను భాండారమున్నది. కాని ఒక్క హెచ్చరిక. పెండ్లి శుభలేఖయనియు, వాహనపు చలానా యనియు వాట్సాపులో ఏపీకే అను తోకతో వచ్చువానిని ఎంతమాత్రము తెఱవకుడు. అవి బ్యాంకులోని సొమ్ము నూడ్చు దొంగసరకు. బయటినుండి వచ్చినదంతయు స్వేచ్ఛాసాఫ్ట్‌వేరు గాదు.

మైలవరపు సోదరీ! మీ అబ్బాయి పెట్టినదాని పేరేమో, అనుమతిపత్రమేదో చూచి వ్రాయింపుడు. మూలము దొరకునదైన నిశ్చింతగా నుండుడు. అబ్బాయిచేత మీ పాత దస్త్రములన్నియు క్రొత్తదానిలో తెఱచుకొనుచున్నవో లేదో ఒక్కొక్కటిగా చూపించుకొనుడు. ఇతర సోదరీమణులయొద్ద ఇటువంటి పాత సి.డి.లు, ఫ్లాపీలు ఉన్నచో పాఱవేయకుడు. ఏ యూరిలో, ఏ యేట టైపు చేయించిరో వ్రాసి పంపినచో, ఆ శిష్యునికి చూపెదను. ఒక్క పుటయైనను అచ్చుకాగితము దొరకునేమో బీరువా అడుగున వెదకుడు. దానితోనే పని.

మా 112 పాటలలో 111 పూర్తిగా చేతికి వచ్చినవి. ఒక్క అప్పగింతల పాటకు చివరి చరణము లేదు. సి.డి.పై గీత పడి దస్త్రము అచట తెగినది. అందులకు ఏ పట్టికయు పనికిరాదు. మా నాయనమ్మ చెల్లెలు జగ్గయ్యపేటలో నున్నది. ఎనుబదియాఱేండ్లు. చెవులు వినబడవు, మనుష్యులను పోల్చుకొనుటయు కష్టమే. పాట అడుగగా ఏ పాటయో తెలియదన్నదట. ఎవరైన మొదటి చరణము చెవిదగ్గఱ గట్టిగా నెత్తుకొన్నచో తరువాత ఆపదని మా చిన్నాన్నగారు ఫోనులో చెప్పిరి. వచ్చు ఆదివారము నేనును అమ్మాయియు పోవుచున్నాము. ఎత్తుకొనవలసినది నేను గనుక, ప్రొద్దుట పెరటిలో ఎవరును లేనప్పుడు సాధన చేయుచున్నాను.